తలదిక్కు వరస

జహీరాబాద్‌లో నాగమ్మ ఇంటి పక్కనున్న రామ్‌కిషన్ బర్రె ఆ వీధిలోని పశువులన్నిటికంటే నిగనిగలాడుతూ ఉంటుంది. దానికి కారణం రామ్‌కిషన్ వేసే దాణా కాదు, నాగమ్మ చేసే జొన్నరొట్టెలు. రొట్టె గుండ్రంగా రాకపోతే ఆమె కంచంలో వేయదు. అంచు కాస్త పగిలినా, పెనం మీద ఒక పక్క నల్లబడినా, అది గోడ దాటి నేరుగా బర్రె నోట్లోకి పోవలసిందే. పొద్దున రొట్టె చరిచే చప్పుడు వినబడగానే ఆ బర్రె గోడ దగ్గరికి వచ్చి మోర చాచి నిలబడుతుంది. మొగుడు విరూపాక్ష ఆకలి మీద ఉన్నప్పుడు, "ఏమే, జర ఆ పగిలిన రొట్టె ఇటియ్యరాదూ, నేనేమన్న బర్రె కన్న తక్కువనా?" అని బతిమాలుతాడు. అయినా ఇవ్వదు. ఇచ్చిన రొట్టె చూసి ఎవరైనా ఏమనుకుంటారోనని ఆమె బాధ. ఆ ఇంట్లో చూసేది విరూపాక్ష ఒక్కడే, ఆయనకు రొట్టె ఆకారంతో పని లేదు.

బస్టాండు వెనక వీధుల్లో బొంతల నాగమ్మ ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. వసారాలో ఎప్పుడూ ఎవరిదో ఒక బొంత పరిచి ఉంటుంది. పాత చీరలు, ధోవతులు, పొట్టివైపోయిన గౌన్లు పొరలుగా పేర్చి, పెద్ద సూదితో దగ్గర దగ్గరగా టాకాలు వేసుకుంటూ పోతే అది బొంత అవుతుంది. నాగమ్మ పుట్టింటివాళ్లు ఎప్పుడో కన్నడ సీమ నుంచి వచ్చి రాయికోడ్ దగ్గర సేద్యం చేసుకుంటూ స్థిరపడ్డారు. వాళ్లు దాన్ని కౌది అంటారు. చలికాలం వస్తే ఈ పట్టణంలో షాపు కంబళ్లు ఎన్ని అమ్ముడైనా, ఒంటికి హత్తుకుని వెచ్చగా పడి ఉండేది ఇంటి బొంతేనని నాగమ్మ గట్టిగా నమ్ముతుంది. నమ్మకం ఆమెది కాబట్టి మనం వాదించనక్కర్లేదు.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. బొంత కుట్టడం అయిపోయాక ఒక మూల జానెడు తెరిచి ఉంచుతారు. ఆ రోజు చేసిన రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, ఆ మూలలోంచి లోపలికి తోసి, అప్పుడు కుట్టేస్తారు. బొంత కడుపు నింపడం అంటారు దాన్ని. ఆకలితో ఉన్న బొంత కప్పుకున్నవాళ్లను నిద్రపోనివ్వదట. ఇక కడుపు నింపాక ఒక్క టాకా కూడా విప్పకూడదు. చిరిగితే అతుకు వేయవచ్చు, పైనుంచి ఇంకో వరస కుట్టవచ్చు, వేసిన కుట్టు మాత్రం తీయరాదు.

నాగమ్మకు చిక్కంతా అక్కడే ఉంది. ఎదుటివాళ్ల పాత బొంతలు బాగు చేయడంలో ఆమెకు సాటి లేదు. వాటిలో వంకర ఉంటే అది కుట్టినవాళ్ల వంకర, ఆమెకు పట్టింపు లేదు. కొత్త బొంత కుట్టి ఇవ్వవలసి వస్తే మాత్రం మూల తెరిచే ఉంచి, "మీ ఇంటి రొట్టెతోని మీరే కడుపు నింపుకోన్రి, గదే మంచిది" అని చేతిలో పెట్టి పంపుతుంది. ఎంత మంచి మనసో అని జనం అనుకుంటారు. మంచి మనసు ఉన్నమాట నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. మూల మూసిందంటే ఇక దిద్దడానికి వీలుండదు. అది ఆమె వల్ల కాదు. బొంతల నాగమ్మ అని ఇంత పేరున్న మనిషి తన చేత్తో ఇంతవరకు ఒక్క బొంత కడుపైనా నింపలేదంటే ఎవరూ నమ్మరు.

కూతురు అక్షతకు ఈ సంగతి బాగా తెలుసు. అక్షతను హుమ్నాబాద్‌లో ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి పాప స్నిగ్ధతో అత్తగారింటికి వెళ్లేటప్పుడు, ఆచారం ప్రకారం తల్లి బొంత పెట్టి పంపాలి. నాగమ్మ ఆ బొంతను గర్భం నిలిచిన నాడే మొదలుపెట్టింది. ఒక వరస కుట్టడం, దూరం నుంచి చూడటం, నచ్చక విప్పడం, మళ్లీ కుట్టడం. అక్షత బయలుదేరే రోజు వచ్చేసింది గానీ బొంత రాలేదు. "తర్వాత పంపుత బిడ్డా" అంది. ఆ తర్వాత అనేది రాలేదు. స్నిగ్ధ ఇప్పుడు బడికి పోతోంది. ఆ బొంత పెట్టెలో అడుగున ఉంది.

ఇప్పుడు అక్షత రెండో కాన్పుకు వచ్చింది. బాబు పుట్టాడు. స్నిగ్ధ బడి మానకూడదని తండ్రి దగ్గరే ఉండిపోయింది. వసారాలో కొత్త బొంత పరిచి ఉంది. నాగమ్మ మళ్లీ కుడుతోంది, మళ్లీ విప్పుతోంది. విరూపాక్ష ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, "మా ఫ్యాక్టరీల ఇనుమొచ్చి ట్రాక్టరై గేటు దాటిపోతున్నది గాని, నీ బొంత మాత్రం మన గడప దాటదే" అన్నాడు. నాగమ్మ నవ్వలేదు. లోపలినుంచి అక్షత నెమ్మదిగా అంది, "అమ్మా, నువ్వు ఫికర్ జెయ్యకు. పొయ్యేటప్పుడు షాపుల కంబలి కొంట తియ్. చిన్నోనికి ఏదైతేంది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాగమ్మ ఎదురు మాట్లాడేది. ఆశ వదులుకున్న మాట అది. ఈసారి కూడా బొంత ఇవ్వకపోతే ఈ పిల్ల ఇక ఎప్పటికీ అడగదని ఆమెకు అప్పుడే అర్థమైంది. సూదిని బొంతలో గుచ్చి పెట్టేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాణిక్ వచ్చాడు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద అతనికి చిన్న హోటల్ ఉంది. బొంబాయి లారీలవాళ్లు ఆగి టీ తాగిపోతుంటారు. చంకలో ఒక పాత బొంత చుట్టుకుని వచ్చి వసారాలో దించాడు. ఎంత పాతదంటే మధ్యలో రంగులన్నీ ఒకే రంగుకు తిరిగాయి, అంచులు దారాలు దారాలుగా ఊడుతున్నాయి.

"అక్కా, మా అమ్మ బొంత ఇది. మొత్తం బాగు జెయ్యాలె. ఒక్కటే మాట. ఇగో, ఈ అంచు పొంటి ఒక వరస ఉన్నది గదా, దాన్ని ముట్టొద్దన్నది మా అమ్మ. దాని మీదికెళ్లి ఇంకో కుట్టు గిట్ల ఏసేవు, నన్ను ఇంట్లకు రానియ్యదు."

"ఎందుకట్ల?"

"ఏమో. నాకు తెల్వదు. చిన్నప్పటి సంది గంతే."

మాణిక్ వెళ్లాక నాగమ్మ బొంతను వెలుతురులోకి లాగి ఆ వరస చూసింది. చూసి ముందు ముఖం చిట్లించింది. టాకాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వరస తిన్నగా పోకుండా వాన నీళ్లు పారినట్టు అటూ ఇటూ పోయింది. అదీగాక వరస మొదట్లో, గుడ్డ చాలక కాబోలు, ఎవరిదో పాత చొక్కా ముక్కను కాజాతో సహా వేసేశారు. గుండీ పట్టే ఆ కన్నం బొంతలో నోరు తెరుచుకుని ఉంది. "ఎవ్వతో గాని, కాజా తీసి పడేసేంత తీరుబాటు కూడ లేకపాయె" అని పైకే తిట్టింది.

తిట్టాక మళ్లీ చూసింది. ఈసారి ఏదో పట్టినట్టయింది. బొంతలో మిగతా టాకాలన్నీ ఒక వైపుకు వాలి ఉన్నాయి. ఈ ఒక్క వరస మాత్రం ఎదురు వైపుకు వాలింది. అలా ఎందుకు వాలుతుంది? బొంతను తిప్పి చూసింది. కింది నుంచి చూసింది. గాలిలో చెయ్యాడిస్తూ, సూది ఎటు నుంచి ఎటు దిగితే దారం అలా పడుతుందో అని ఆలోచించింది. చివరికి సంగతి తెలిసింది. అది ఎడమచేతి కుట్టు.

నాగమ్మది ఎడమచేతి వాటం. ఇప్పుడు ఎవరికీ తెలియదు. చీపురు పట్టినా, తలుపు గొళ్లెం తీసినా ముందుగా ఎడమ చెయ్యే లేస్తుంది, ఆమె దాన్ని సగంలో ఆపి కుడిచేతికి పని అప్పగిస్తుంది. చిన్నప్పుడే అలా అలవాటు చేశారు. కుడిచెయ్యి పని నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది గానీ, దానికి ఎప్పుడూ పరాయి ఇంట్లో ఉన్నంత బెరుకు. ఒక టాకా వేసి సరిగా పడిందా అని ఆగి చూస్తుంది, ఇంకొకటి వేసి మళ్లీ చూస్తుంది. అందుకే ఆమె కుట్టు అంత తిన్నగా ఉంటుంది, అందుకే అంత ఆలస్యం అవుతుంది.

మరి ఈ వరస కుట్టినదెవరు? బొంతలు కుట్టే ఆడవాళ్లను ఈ చుట్టుపక్కల ఆమె చాలామందిని ఎరుగును. ఎడమచేత్తో సూది పట్టేవాళ్లు ఒక్కరూ గుర్తుకు రాలేదు. పట్టనిచ్చేవాళ్లు ఎవరు? ఎడమచేత్తో ఎవరికైనా ఏమైనా ఇస్తేనే ముఖం మాడ్చుకుంటారు, అలాంటిది పిల్లలు పడుకునే బొంత కుట్టనిస్తారా? పైగా ఆ ఇంటి పెద్దామె ఆ వరసనే ముట్టొద్దంటోంది. ఇదంతా ఏమిటో తెలుసుకోకపోతే నాగమ్మకు అన్నం సహించేటట్టు లేదు.

ఆ మధ్యాహ్నం అక్షత, బాబు నిద్రపోయారు. విరూపాక్ష డ్యూటీలో ఉన్నాడు. నాగమ్మ ఒక పాత గుడ్డముక్క తీసుకుని, అటూ ఇటూ చూసి, దొంగతనం చేస్తున్నట్టుగా సూదిని ఎడమచేత్తో పట్టుకుంది. చిన్నతనం తర్వాత పట్టడం ఇదే. చెయ్యి తడబడుతుందనుకుంది. తడబడలేదు. సూది దానంతటదే దిగి లేచి దిగి పోయింది, ఆగి చూడాలని కూడా అనిపించలేదు. వరస వంకరటింకరగా వచ్చింది. ఆ వంకర చూస్తే ఆమెకు సిగ్గేసింది, చేతికి మాత్రం హాయిగా ఉంది. ముక్కను మాణిక్ బొంత పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే వైపు వాలాయి. గబగబా ముక్కను బియ్యం డబ్బా వెనక దాచేసింది.

బాగు చేయడం అయిపోయాక మామూలుగా అయితే మాణిక్‌కు ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మని చెప్పేది. ఈసారి, "నేనే తెస్త తియ్, మీ అమ్మను సూసినట్టుంటది" అంది. విరూపాక్ష సెలవు రోజున స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. హైవే మీద చెరకు లారీలు మూలుగుతూ పోతున్నాయి. పొద్దుటి చలికి విరూపాక్ష మఫ్లర్ చెవులకు చుట్టుకున్నాడు. వెనక నాగమ్మ ఆ బొంతను ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఒక వేలు ఆ వరస మీదే ఆడిస్తూ కూర్చుంది.

మాణిక్ తల్లి పేరు మహాదేవమ్మ. హోటల్ వెనక ఇంట్లో, ఎండ పడే చోట మంచం వేసుకుని కూర్చుని ఉంది. చూపు బాగా మందగించింది. మనిషి దగ్గరికి వస్తే గొంతును బట్టి గుర్తుపడుతుంది. బొంత ఒళ్లో పెట్టగానే ఆమె ముందుగా చేసిన పని, అంచులు తడుముకుంటూ పోయి ఆ వరస దొరకబుచ్చుకోవడం. దొరికాక వేలిని దాని మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిపించి, కాజాలోకి వేలు దూర్చి, తృప్తిగా నవ్వింది.

"ఉన్నది. ముట్టలేదు. బతికించినవ్ బిడ్డా."

"అవ్వా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు," అంది నాగమ్మ. "మొత్తం బొంతల గీ వరస ఒక్కటే వంకర ఉన్నది. దీన్నే ఎందుకు ముట్టొద్దన్నవ్?"

"గది లేకుంటే తలదిక్కు ఏదో కాళ్లదిక్కు ఏదో ఎట్ల తెలుస్తది?" అంది మహాదేవమ్మ, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "మా ఆయన చెరుకు తోటలకెళ్లి వచ్చి గట్లనే పండుతుండె, కాళ్లకు మన్ను. పిల్లలందరూ ఒక్కటే బొంతల. ఇంట్ల దీపం లేని రోజులు. కాళ్లదిక్కు మూతి మీదికి రాకుండ ఎట్ల సూసుకోవాలె? చెయ్యి పెట్టి తడిమితే అన్ని వరసలు ఒక్కతీరు ఉంటయ్. ఇదొక్కటి ఏలికి ఎదురొస్తది. గీ వరస ఉన్న దిక్కు తల. నా పిల్లలు మాటలు రాకముందే గిది నేర్చుకున్నరు. మా మాణిక్ అయితే గీ కన్నంల ఏలు పెట్టుకుంటే తప్ప నిద్రపొయ్యేటోడు కాదు, అడుగు."

మాణిక్ టీ గ్లాసులు తెస్తూ, "అమ్మా, గవన్నీ ఎందుకిప్పుడు?" అని సిగ్గుపడ్డాడు. విరూపాక్ష పెద్దగా నవ్వాడు. నాగమ్మ నవ్వలేకపోయింది. ఇంకా అడగవలసింది మిగిలే ఉంది.

"ఎవరు కుట్టిన్రవ్వా ఇది?"

"రాయికోడ్ దిక్కు గురుబసమ్మ అని ఉండె. ఆమె, ఇంకా నలుగురు ఆడోళ్లు కూసోని కుట్టి ఇస్తుండిరి. శానా కచ్చితం మనిషి."

నాగమ్మ చేతిలోని టీ గ్లాసు ఒరిగి కాస్త టీ చీర మీద పడింది. గురుబసమ్మ ఆమె పెద్దమ్మ.

మహాదేవమ్మ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "బొంత తెచ్చిచ్చేటప్పుడు గురుబసమ్మ మొఖం ఇంత జేసుకున్నది. ఎవరో చిన్నపిల్ల ఎడమచేత్తోని ఒక వరస కుట్టిందట. మర్నాడు ఇప్పి మళ్ల కుడదామనుకున్నదట. ఈమె బాయికాడికి పొయ్యొచ్చేసరికి, కుట్టుడు అయిపోయిందనుకోని, ఇంకో ఆమె రొట్టె పెట్టి మూల కుట్టేసింది. కడుపు నిండిన బొంతను ఇప్పుతరా? ఇప్పరు. పైనుంచి ఇంకో వరస ఏస్త అన్నది. పండుకునేటోళ్లకు కుట్టుతోని ఏం పని, ఉండనీ తియ్ అన్న. అయితే ఈ అంచును కాళ్లదిక్కు ఏసుకోన్రి, ఎవరికీ కనవడదు అన్నది. మేము తలదిక్కు ఏసుకున్నం."

నాగమ్మకు ఆ పూట కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చింది. పెద్దమ్మ ఇంట్లో పరిచిన బొంత చుట్టూ ఆడవాళ్లు, మొదటిసారి వాళ్ల మధ్య తనకు కూడా ఒక అంచు ఇచ్చారు. గుడ్డ చాలకపోతే తన బడి చొక్కానే చింపి వేసింది. ఎంత సంతోషంగా కుట్టిందో. అందరికంటే ముందు తన వరసే అయిపోయింది. పెద్దమ్మ వచ్చి చూసి, "ఎడమ చేత్తోనా? రేపు మొత్తం ఇప్పుత. నువ్వు లే ఇక్కడికెళ్లి" అంది. మర్నాటి నుంచి సూది కుడిచేతికి మారింది. తను కుట్టిన మొదటి వరసను విప్పి పారేశారని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉంది. పెద్దమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది, ఎన్నో కబుర్లు చెప్పింది, ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పకుండానే పోయింది. నాగమ్మకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కోపంతో పాటే నవ్వు కూడా వచ్చింది. మొన్న వసారాలో కూర్చుని తిట్టింది తననే కదా.

"గా కాజా నా బడి చొక్కాది అవ్వా," అంది. "గా పిల్లను నేనే."

మహాదేవమ్మ బొంతను పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాచి, "ఏదీ, గా చెయ్యి ఇటియ్యి" అంది. నాగమ్మ అలవాటుగా కుడిచెయ్యి అందించింది. ముసలామె దాన్ని పక్కకు నెట్టి, "ఇది కాదు. కుట్టిన చెయ్యి" అని, ఎడమచేతిని పట్టుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. విరూపాక్ష అటు తిరిగి హైవే మీద లారీలు చూస్తున్నట్టు నటించాడు. తిరుగు దారిలో నాగమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన కూడా అడగలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదే.

అక్షతను తీసుకుపోవడానికి అల్లుడు వీరేశ్ పొద్దున్నే కారు తెచ్చాడు. సామాన్లు సర్దుకున్నారు. సంచిలో పైకి కనబడేటట్టు షాపు కంబళి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. వసారాలో బొంత అలాగే పరిచి ఉంది. తల వైపు ఒక్క వరస, తెరిచిన మూల మిగిలాయి. నాగమ్మ వచ్చి దాని ముందు కూర్చుంది. అందరూ చూస్తుండగా సూదిని ఎడమచేత్తో తీసుకుంది.

"ఎడమచేత్తోనా అమ్మా?" అంది అక్షత. వీరేశ్ కూడా ఏదో అనబోయి మామగారి ముఖం చూసి ఊరుకున్నాడు.

"తలదిక్కు తెల్వాలె గదా బిడ్డా," అని నాగమ్మ కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే మహాదేవమ్మ ఇంట్లో విన్నదంతా చెప్పింది. అక్షత తల్లి పక్కనే కూర్చుండిపోయింది. మాట ఆగలేదు, చెయ్యి ఆగలేదు. చెప్పడం అయ్యేసరికి వరస కూడా అయింది. అప్పుడు చూసింది నాగమ్మ. మధ్యలో ఒక టాకా మరీ పొడుగ్గా పడింది, ఇంకొకటి పక్కకు పోయింది. ఆమె వేళ్లు వాటంతటవే సూది మొనను దారం కిందికి తీసుకుపోయాయి, విప్పడానికి. అక్షత ఆ వేళ్లనే చూస్తోంది. ఆ పిల్ల ముఖం చూసి నాగమ్మ సూది గుచ్చేసి లేచింది.

"ఆగుండ్రి. రొట్టె జేస్త."

గాభరాలో రొట్టె గుండ్రంగా రాలేదు. ఒక పక్క పొడుగై, అంచు పగిలి, పెనం మీద ఇంకాస్త మాడింది. గోడ అవతల బర్రె మోర చాచింది. అలవాటు చొప్పున నాగమ్మ రొట్టె పట్టుకుని గోడ వైపు ఒక అడుగు వేసింది కూడా. అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, పగిలిన అంచు నుంచే ఒక ముక్క తుంచి బొంత మూలలో పెట్టింది. ఏడుపు వస్తోంది. మిగిలిన రొట్టెను విరూపాక్ష ఎవరూ అడగకముందే తీసుకుని తినేశాడు. నాగమ్మ మూల కుట్టేసి, పంటితో దారం తెంపింది. బొంత కడుపు నిండింది. ఇక ఎవరూ ఏమీ చేయలేరు, ఆమె కూడా.

అక్షత కళ్లు మూసుకుని ఆ వరస మీద వేలు నడిపించి చూసింది. సంచిలోంచి కంబళి తీసి తండ్రి చేతిలో పెట్టి, "నాయినా, గిది నువ్వు కప్పుకో" అంది. బాబును బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా నాగమ్మ గేటు దగ్గరే నిలబడింది. ఆమెకు అంత తేలిగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

కొన్నాళ్లకు హుమ్నాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్షత కాదు, స్నిగ్ధ. ముక్కు ఎగబీలుస్తూ మాట్లాడింది. "అమ్మమ్మా, తమ్ముడు పండుకున్నంక నేను గా వరస మీద ఏలు పెడితే అమ్మ తిడుతున్నది. అది తమ్మునిదట. మరి నాదేది?"

"ఉన్నది బిడ్డా. నీది కూడ ఉన్నది" అని నాగమ్మ ఫోన్ పెట్టేసి, పెట్టె తెరిచి, అడుగున ఉన్న బొంతను బయటికి తీసింది. ఎంత పని మిగిలిందో చూద్దామని వసారాలో పరిచింది. అంచు నుంచి అంచుకు, మూల నుంచి మూలకు వెతికింది. విప్పి కుట్టి, విప్పి కుట్టి గుడ్డ నిండా సూది గుర్తులున్నాయి గానీ, కుట్టవలసిన చోటు ఎక్కడా లేదు. బొంత ఎప్పుడో అయిపోయింది. స్నిగ్ధ చంటిపిల్లగా ఈ గడప దాటిన నాటికే అయిపోయింది. రొట్టె ముక్క ఒక్కటే తక్కువ.

ఆమె అక్కడే కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఎడమచేత్తో తల వైపు పైనుంచి ఒక వరస వేసి, పిండి కలపడానికి లేచింది. గోడ అవతల రామ్‌కిషన్ బర్రె వచ్చి చాలాసేపు నిలబడింది. ఆ రోజు దానికి ఏమీ దొరకలేదు.